అభిఘాత సిద్ధాంతం చెప్పబోయే ముందు

విజయనగరం

అమ్మలూ,

వచ్చే వారం ఇంటర్ సెకండియర్ పిల్లలకు రసాయన గతిశాస్త్రం, అంటే చర్యల వేగాల పాఠం, మొదలుపెడుతున్నావని, అణువులు గుద్దుకుంటేనే చర్య జరుగుతుందనే అభిఘాత సిద్ధాంతం దగ్గర టెన్షన్ పడుతున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఆ పాఠం నేను ముప్పై ఏళ్లు చెప్పాను. మొదటి తొమ్మిదేళ్లూ తప్పుగా చెప్పాను. అందుకే ఈ ఉత్తరం.

వేడి చేస్తే చర్య ఎందుకు త్వరగా అవుతుందంటే, "అణువులు జోరుగా తిరిగి ఎక్కువసార్లు గుద్దుకుంటాయి" అనేవాణ్ణి. పిల్లలు అదే రాసేవారు, మార్కులూ పడేవి. ఒకరోజు వెనక బెంచీ కుర్రాడొకడు "ఎన్నిసార్లు ఎక్కువ సార్?" అన్నాడు. బోర్డు మీదే లెక్క కట్టాను. అణువుల వేగం పెరిగేది పరమ ఉష్ణోగ్రత వర్గమూలాన్ని బట్టి. 25 డిగ్రీల నుంచి 35కి, అంటే 298 కెల్విన్ నుంచి 308కి పోతే అభిఘాతాలు పెరిగేది రెండు శాతం కూడా లేదు. చర్య వేగమేమో చాలా వాటిలో ఇంచుమించు రెట్టింపవుతుంది. చాక్‌పీసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

గుద్దుకోవడానికి ఎప్పుడూ కరువు లేదు. మామూలు గాలిలో ఒక్కో అణువు సెకనుకు వందల కోట్ల సార్లు గుద్దుకుంటుంది. అయినా హైడ్రోజన్, ఆక్సిజన్ కలిపి సీసాలో పెడితే ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటాయి. నిప్పురవ్వ తగిలిందా, పేలుతుంది. కరువల్లా గట్టిగా గుద్దుకునేవాటికే. ఆ గట్టితనానికి ఉన్న గడపే ఉత్తేజన శక్తి. పది డిగ్రీలు పెంచితే రెట్టింపయ్యేది ఆ గడప దాటగలిగే అణువుల వాటా. ఇక్కడే ఒక పీరియడంతా కూర్చో, సిలబస్ వెనకబడినా పరవాలేదు. చర్యను త్వరపరిచే ఉత్ప్రేరకం గురించి వచ్చినప్పుడు కూడా ఇదే పనికొస్తుంది: అది అణువుల్ని నెట్టదు, గడప తక్కువున్న ఇంకో దారి చూపిస్తుంది.

గట్టిగా తగిలినా చాలదు, సరైన వైపు తగలాలి. దీనికి మన సిరిమానోత్సవం చెప్పు. మూడు లాంతర్ల దగ్గర ఆ జనంలో ఎన్ని భుజాలు రాసుకుంటాయి! వీపులు తగిలితే ఎవరి దారి వారిదే. ముఖాలు ఎదురైతేనే "ఒరే, నువ్వా!" అనేది. ఉపమానాన్ని అక్కడితో వదిలెయ్. ఎక్కువ సాగదీస్తే పిల్లలు అణువులకు కళ్లున్నాయనుకుంటారు, నాకు అనుభవమే.

చరిత్ర ఒక్క నిమిషం చాలు: 1916లో జర్మనీలో మాక్స్ ట్రాట్జ్, 1918లో ఇంగ్లండులో విలియం లూయిస్ విడివిడిగా దీన్ని ప్రతిపాదించారు. మధ్యలో ప్రపంచయుద్ధం.

మిగతాది లాబ్‌లో చూపించు. తెల్లకాగితం మీద ఇంటూ గుర్తు గీసి, దానిపై పల్చని హైపో (సోడియం థయోసల్ఫేట్) ద్రావణం ఉన్న శంఖాకార కుప్పె పెట్టు. కాస్త సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి, గుర్తు కనపడకుండా పోయేదాకా ఎన్ని సెకన్లో పిల్లల చేతే లెక్కపెట్టించు. గంధకం పుట్టి ద్రావణం మెల్లగా పాలలా తెల్లబడుతుంది. రెండో కుప్పెలో హైపోని ముందే పది డిగ్రీలు వెచ్చబెట్టు, కొలతలు మాత్రం అవే ఉండాలి. సమయం సుమారు సగానికి పడిపోతుంది. అప్పుడు ఆ కుర్రాడి ప్రశ్న నువ్వే అడుగు.

సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి కిటికీలు తీసి ఉంచు, ముక్కు దగ్గర పెట్టి చూడనివ్వకు. అవగానే కుప్పెలు కడిగించు. గంధకం ఎండి అంటుకుపోతే ఒక పట్టాన వదలదు, మా అటెండరు నన్ను తిట్టుకున్నది ఇప్పటికీ గుర్తుంది.

మీ పెదనాన్న