సైటు మొదలుపెట్టే ముందు

చిట్టితల్లీ,

ఉద్యోగం మానేసి బస్సు టికెట్ల సైటు పెడుతున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. గర్వంగా ఉంది. కానీ రాత్రి నిద్ర పట్టలేదు.

మామూలు జాగ్రత్తలు నీకు తెలిసినవే. యూజర్ టైప్ చేసినదాన్ని నేరుగా క్వెరీలో, అంటే డేటాబేస్‌కి ఇచ్చే ఆదేశంలో, అతికించకు. బ్యాకప్ తీసి ఊరుకోకు, వేరే మెషిన్‌లో రీస్టోర్ చేసి చూసుకో.

నా టెన్షన్ అంతా డబ్బు దగ్గరే. మా రోజుల్లో వెబ్ పేజీలు తయారుచేసే సీజీఐ స్క్రిప్టు అంటే ఒక్కో క్లిక్కుకీ సర్వర్‌లో కొత్త ప్రాసెస్ పుట్టేది. అది డేటాబేస్‌కి కనెక్టయి, నాలుగు లైన్లు చదివి, పోయేది. 1995లో స్వీడన్ నుంచి మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ వచ్చాక ప్రాణం లేచొచ్చింది. చిన్న లినక్స్ మెషిన్ మీద కూడా పరిగెత్తేది. అయితే అప్పట్లో దానికి ట్రాన్సాక్షన్లు, అంటే కొన్ని క్వెరీలు జరిగితే అన్నీ, లేకపోతే ఏదీ జరగకుండా చూసే ఏర్పాటు, లేవు. మనకెందుకులే అనుకున్నారు చాలామంది.

నేను పనిచేసిన ఒక ఆఫీసులో డీలర్లు డిపాజిట్ కట్టి ఆర్డర్లు పెట్టేవాళ్లు. డిపాజిట్ తగ్గించడం ఒక క్వెరీ, ఆర్డర్ రాయడం ఇంకో క్వెరీ. రెంటికీ మధ్య కనెక్షన్ తెగితే డబ్బు తగ్గేది, ఆర్డర్ ఉండేది కాదు. ఒక పెద్దాయన ప్రింటవుట్ పట్టుకుని సాయంత్రం దాకా రిసెప్షన్‌లో కూర్చున్నాడు. ఆయన మొహం ఇప్పటికీ మర్చిపోలేను. కోడ్‌లో రోల్‌బ్యాక్, అంటే చేసినదాన్ని వెనక్కి తిప్పే ఆదేశం, రాసే ఉంది తల్లీ! అప్పటి డిఫాల్ట్ టేబుల్ రకం మైఐసామ్‌కి అది పట్టదు. ప్రోగ్రామ్ ఆగదు, తగ్గిన డబ్బు తిరిగి రాదు. 2001లో ట్రాన్సాక్షన్లున్న ఇన్నోడీబీ అనే టేబుల్ రకం చేరినా, 2010లో మైఎస్‌క్యూఎల్ 5.5 వచ్చేదాకా డిఫాల్ట్ టేబుల్ పాత రకమే.

"ఇప్పుడన్నీ ఫ్రేమ్‌వర్కే చూసుకుంటుంది పెదనాన్నా" అని ఆ మధ్య నవ్వావు. నాకు కోపం వచ్చింది. ఏ రెండు క్వెరీలు కలిసి జరగాలో ఆ రెడీమేడ్ కోడ్‌కి ఎలా తెలుస్తుంది? నువ్వు చెప్పాలి. సీటు బుక్ చేసేటప్పుడు టేబుల్‌లో ఆ సీటున్న వరసకి, ఇంకెవరూ మార్చకుండా, లాక్ వెయ్యి. కానీ పేమెంట్ కోసం ఎదురుచూస్తూ లాక్ పట్టుకుని కూర్చోకు, సీటుకి గడువు పెట్టి లాక్ వదిలెయ్. పేమెంట్ గేట్‌వేకి, అంటే ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసిపెట్టే కంపెనీకి, వెళ్లిపోయిన డబ్బుని ఏ రోల్‌బ్యాకూ వెనక్కి తేలేదు, అందుకే రోజూ రాత్రి వాళ్ల జాబితాతో నీ టేబుల్ సరిచూడు. లాంచ్‌కి ముందు, బుకింగ్ నడుస్తుండగా సర్వర్ వైరు పీకి చూడు.

మొదటి నెల ఆ రాత్రి లెక్క నేను చూసిపెడతాను. చదవడానికి మాత్రమే పర్మిషన్ ఉన్న లాగిన్ ఒకటి పంపు. నువ్వు వేళకి తిని పడుకో.

మీ పెదనాన్న