−8కి 1/3 ఘాతాంకం వేసినా 2/6 వేసినా ఒకే జవాబు ఎందుకు రావడం లేదు?

మీరు అడిగినది ఇది: −8 ఘనమూలం −2 కదా, ఘాతాంకం 1/3ని 2/6గా రాసి, ముందు వర్గం చేసి 64 తెచ్చుకుని, ఆరవ మూలం తీస్తే 2 వస్తోంది, భిన్నం విలువ మారనప్పుడు జవాబు ఎలా మారింది? ఉన్నత పాఠశాల విద్యార్థులకు చాలాకాలంగా బీజగణితం బోధిస్తున్నాను. ఈ సందేహం తమంతట తాముగా తెచ్చుకునేవారు నాకు అరుదుగానే కనిపించారు.

భిన్న ఘాతాంకం విడిగా పుట్టిన నియమం కాదు. ఘాతాన్ని తిరిగి ఘాతానికి పెంచినప్పుడు ఘాతాంకాలను గుణించాలన్న న్యాయం భిన్నాలకూ వర్తించాలంటే, 8కి 1/3 ఘాతాంకం వేయగా వచ్చిన సంఖ్యను ఘనం చేసినప్పుడు 8 రావాలి. అంటే అది ఘనమూలమే కావాలి. అయితే ఈ న్యాయాలన్నీ ఏ మినహాయింపూ లేకుండా పనిచేసేది భూమి (ఘాతాంకం వేస్తున్న సంఖ్య) ధన సంఖ్య అయినప్పుడే. మీ లెక్కలో వర్గం చేసిన క్షణంలోనే ఋణ గుర్తు పోయింది. 8 వర్గమూ −8 వర్గమూ 64 కాబట్టి, ఆ తరువాత తీసిన ఆరవ మూలానికి మొదటి సంఖ్య ఏదో తెలిసే అవకాశం లేదు. √((−5)²) విలువ −5 కాకుండా 5 కావడానికీ కారణం ఇదే. అందుకే చలరాశి వర్గానికి వర్గమూలం తీసినప్పుడు, ఆ రాశి ఋణం కాదని ముందే చెప్పి ఉంటే తప్ప, పరమమూల్యం (గుర్తు తీసేసిన విలువ) రాయాలి. భూమి ఋణమైతే ముందు భిన్నాన్ని సూక్ష్మరూపంలోకి తెచ్చి, హారం బేసి అయితేనే వాస్తవ మూలం తీయండి. (కొన్ని కంప్యూటర్ భాషలు −8కి 1/3 ఘాతాంకం ఇస్తే −2కు బదులు 1 + √3𝑖 అనే సంకీర్ణ సంఖ్యను చూపిస్తాయి; ఇక్కడ 𝑖 అంటే √(−1). అది తప్పు కాదు. −8కి ఉన్న మూడు ఘనమూలాలలో అదీ ఒకటి.)

భూమి ధనమని తేలాక, గుణకార భాగహారాలున్న ప్రతి లెక్కలోనూ కరణి గుర్తును (మూలం గుర్తు √ను) వదిలి ఘాతాంకాలలోకి మారమని నా సలహా. √2 × ∛2 ను మూల గుర్తులతోనే చేయాలంటే రెండింటినీ ఆరవ మూలాలుగా మార్చుకోవాలి; ఘాతాంకాలతో అయితే 1/2 + 1/3 = 5/6 అన్న భిన్నాల కూడికతో సరిపోతుంది, జవాబు 32 ఆరవ మూలం. 1/∛2 హారాన్ని అకరణీయం చేయమంటే, అంటే హారంలో మూలం గుర్తు లేకుండా చేయమంటే, చాలామంది అలవాటుగా ∛2తోనే గుణిస్తారు. హారంలో ఉన్నది 1/3, పూర్ణాంకం కావడానికి ఇంకా 2/3 కావాలని చూస్తే, గుణించవలసినది ∛4 అనీ, ఫలితం ∛4/2 అనీ వెంటనే తెలుస్తుంది.

సంఖ్యాత్మక లెక్కలలో ముందు మూలం, తరువాత ఘాతం. 16కి 3/4 ఘాతాంకమంటే నాలుగవ మూలం 2, దాని ఘనం 8. ముందే ఘనం చేస్తే 4096తో కుస్తీ పట్టాలి. ఋణ ఘాతాంకం వ్యుత్క్రమాన్ని సూచిస్తుందే తప్ప ఋణ సంఖ్యను కాదు: 27కి −2/3 ఘాతాంకం వేస్తే 1/9.

కూడికలకు మాత్రం ఈ పద్ధతి ఏమీ చేయలేదు. √(9 + 16) విలువ 5, అంతేగాని 3 + 4 కాదు. మూలం గుర్తు 1525లో గణితజ్ఞుడు క్రిస్టాఫ్ రుడాల్ఫ్ అచ్చు పుస్తకంలో కనిపించినా, దాని పరిధిని చూపే పై గీతను 1637లో ఫ్రెంచ్ గణితజ్ఞుడు డెకార్ట్ జతచేశాడు. ఆ గీత కింద ఉన్నదంతా ఒకే రాశి. 1/(√5 − √3) వంటి చోట కూడా ఘాతాంకాలలోకి మారి లాభం లేదు; సంయుగ్మమైన (మధ్య గుర్తు మార్చి రాసిన) √5 + √3తో పైనా కిందా గుణిస్తే హారం 5 − 3 = 2 అవుతుంది, జవాబు (√5 + √3)/2.