కథ రాసుడైంది, మరి దిద్దుడెట్ల?

ప్రశ్న: నమస్తే అక్కా. మాది పరకాల దగ్గర ఊరు. ఒక రైతు మిర్చి బస్తాలు ఎనుమాముల మార్కెట్‌కు తీస్కపోతే రేటు రాని సంగతి మీద కథ రాసిన, ఆయన బిడ్డ చెప్తున్నట్టు. పద్నాలుగు పేజీలైంది. మొదటి పేజీ ఎన్నిసార్లు దిద్దిన్నో లెక్కలేదు, అయినా చదివినోళ్లు బాగుంది గని సాగుతుంది అంటున్నరు. ఎక్కడ కోయాలె? మాటలు మన యాసలనే పెట్టిన, మార్చాల్నా? కథ పంపుతున్న, జర చూడుండ్రి.

జవాబు: చెల్లె, కథ రెండుసార్లు చదివిన. నువ్వు దిద్దిందేమో మొదటి పేజీ, అసలు కథ మొదలయ్యేదేమో నాలుగో పేజీల. మస్తుమంది ఇట్లనే చేస్తరు, వాక్యం కుదరలేదని పొద్దుందాక దాన్నే సాపు జేస్కుంట కూసుంటరు, తీరా చూస్తే ఆ సీనే కథల అక్కర లేదు. అందుకే వాక్యాల జోలికి ఇప్పుడే పోకు. ఓ పదిహేను రోజులు కథను పక్కకు పెట్టు, తర్వాత ప్రింట్ తీసి చేతిల పెన్ను లేకుండ మొదట్నుంచి చివరిదాక చదువు. అప్పుడు ఒక్కో సీన్‌కు ఒక్కో లైన్ రాయి, ఇక్కడ ఎవరికి ఏం కావాలె, సీన్ అయిపోయేసరికి ఏం మారింది అని. ఏం మారలేదా, ఆ సీన్ తీసెయ్, లేకుంటే పక్క సీన్ల కలుపు.

నీ మొదటి మూడు పేజీలల్ల తెల్లారుడు, చాయ్ తాగుడు, ట్రాలీ ఆటోల బస్తాలు ఎక్కిచ్చుడు. రాత మంచిగనే ఉన్నది, గని కథ మొదలయ్యేది యార్డుల అడ్తిదారు, అదే కమీషన్ మీద సరుకు అమ్మిపెట్టేటాయన, బస్తాల చెయ్యి పెట్టి ఒక కాయ తీసి ఇరిచి చూసి తేమ ఉన్నది అన్నప్పుడు. అక్కడ మొదలువెట్టు. చాయ్ కాడ అమ్మ చెప్పిన ఫీజు ముచ్చట ఒక్కటి మాత్రం కావాలె, దాన్ని తెచ్చి బాపు జెండా పాట (మార్కెట్ల ఆ రోజు రేటు తేల్చే వేలం) రేటు వినే కాడ పెట్టు, అప్పుడు ఆ రేటు వింటుంటే చదివేటోళ్లకు గూడ గుండె గుబేల్మంటది.

ఇగ చెప్పేదెవరు? పిల్ల. పిల్ల ఇంటికాడ ఉన్నది. మరి కాంటా కాడ తూకంల తరుగు అని కోసిందీ, రంగు పోయిన కాయలను తాలు అని పక్కకు ఏసిందీ, ఆఖరికి అడ్తిదారు మనసుల ఏమనుకున్నడో గూడ ఆమెనే చెప్తున్నది, ఎట్ల తెలుసు? పిల్లను ట్రాలీల ఎక్కిచ్చి మార్కెట్‌కు తీస్కరా, అప్పుడు ఆమె చూసింది, విన్నది మాత్రమే రాస్తవ్, అడ్తిదారు మనసు లోపలిది మొత్తం కొట్టెయ్. ఈ ఒక్క మార్పుతోటే సగం సాగుడు తగ్గుతది.

ఇంకోటి, దసరా వారం రోజులున్నది అని రాసినవ్. దసరాకు మిర్చి ఇంక చేన్లనే ఉంటది చెల్లె, ఎర్రకాయ జోరుగ వచ్చేది ఫిబ్రవరి, మార్చిలల్ల. పండుగే కావాల్నంటే మేడారం జాతర పెట్టుకో, మాఘంల వస్తది, సరిగ్గ కుదురుతది, బెల్లం కొనాలె, పోయొచ్చే ఖర్చు ఉన్నది అని ఇంట్ల పైసల అవసరం గూడ పెరుగుతది. అయితే పెద్ద జాతర రెండేండ్లకోసారి, 2022ల అయింది, 2024ల అయింది, నువ్వేమో కథ 2023ల నడిపినవ్, ఏడాది మార్చు. ఇసువంటివి మన దిక్కోళ్లు టక్కున పట్టేస్తరు, ఒక్కటి పట్టిన్రంటే ఇగ బాపు బాధను గూడ నమ్మరు.

ఇవన్ని అయినంకనే వాక్యాలు. పైకి చదువు, ఎక్కడ నాలుక తడబడితే అక్కడ గీత గీయి. నీ కథల బాపు కింద రాలిన కాయలు ఒక్కొక్కటి ఏరి మళ్ల బస్తాల ఏస్తడు, చానా మంచిగున్నది అది. వెంటనే “బాపు చాలా బాధపడ్డడు, కండ్లల్ల నీళ్లు తిరిగినయ్, కష్టమంతా బూడిదల పోసిన పన్నీరైందని కుమిలిపోయిండు” అని రాసినవ్. కాయలు ఏరుడులనే అదంతా వచ్చేసింది గదా, ఆ మూడు ముక్కలు తీసెయ్. “ఒక్కసారిగా” అనే మాట ఎన్నిచోట్ల వచ్చిందో గూడ ఎతికి చూడు, నాకైతే ప్రతి పేజీల తగిలింది.

యాస మార్చకు. కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవం చేస్కుంటున్న రాష్ట్రంల ఉన్నం, ఇంక భయమెందుకు? కాకపోతే ఒక్క మనిషి ఒక్క తీరుగనే మాట్లాడాలె. నీ కథల బాపు రెండో పేజీల “ఏంది బిడ్డా” అంటడు, పదో పేజీకి వచ్చేసరికి “ఏమిటి తల్లీ, అలా ఉన్నావు” అంటడు. బాపు మాటలు మాత్రమే వరుసగ ఒక కాయితం మీద రాసుకొని చదువు, ఎక్కడ జారినవో నీకే దొరుకుతది. అడ్తిదారుకు గూడ అట్లనే చెయ్యి.

ప్రశ్న: నవల సగమైంది. వెనుక చాప్టర్లల్ల తప్పులు కనపడుతున్నయ్, ఇప్పుడే దిద్దాల్నా, మొత్తం అయినంకనా?

జవాబు: అయినంకనే తమ్మీ. ఓ నోట్‌బుక్కుల “మూడో చాప్టర్ల అన్న పాత్ర అవసరం లేదు” అని రాసిపెట్టుకొని, అన్న లేడనుకొనే ముందుకు రాసుకుంటపో. ముగింపు ఏందో తెల్వకముందే దిద్దిన చాప్టర్లను, ముగింపు దొరికినంక మళ్ల మార్చాల్సి వస్తది, చేసిన పనంతా దండుగ. నవల పూర్తయినంక పైన చెల్లెకు చెప్పిన సీన్ లైన్లు నువ్వు గూడ రాయి, నీకు పేజీలు ఎక్కువ గన్క చాప్టర్‌కు ఒక కాయితం పెట్టుకో.