పాత బోటుకి కొత్త వైరింగ్: మేనల్లుడికి ఉత్తరం

అల్లుడూ,

బోటు వైర్లన్నీ పీకేసి కొత్తవి వేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఇంకా పీకకపోతే ఒక్కరోజు ఆగు. ఏ వైరు ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతోందో ముందు కాగితం మీద గీసుకో. ప్రతి కొసకీ నంబరు రాసిన టేపు చుట్టు. పాత ఓనరు చేసిన అతుకుల్ని తిట్టుకోవడానికైనా ఆ బొమ్మ పనికొస్తుంది. బ్యాటరీ ఊడదీసేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు పాజిటివ్ ముందు.

పైకి బాగున్న పాత వైరుని వాడేద్దామనిపిస్తుంది. కొసన ఒక జానెడు తొడుగు ఒలిచి చూడు. లోపల రాగి నల్లబడితే తేమ అంతదూరం పాకిందన్నమాట, పారెయ్యి. గోడల్లో వేసే ఒంటి తీగ వైరు బోటులో అస్సలు వద్దు, ఇంజిన్ అదురుకి విరుగుతుంది. సన్నటి పోగులతో, తగరం పూత ఉన్న రాగి వైరు కొను.

మందం దగ్గర చాలామంది పొరపడతారు. బోటు అడుగున (బిల్జ్‌లో) చేరిన నీళ్లు తోడే నీ బిల్జ్ పంపు 5 ఆంపియర్లు లాగుతుందనుకో, బ్యాటరీకి 5 మీటర్ల దూరంలో ఉందనుకో. కరెంటు వెళ్లి తిరిగి రావాలి కాబట్టి లెక్క 10 మీటర్లకి. 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే సుమారు 0.58 వోల్టులు దారిలోనే పోతాయి. 2.5 వేస్తే 0.35. అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ ప్రమాణాల్లో ముఖ్యమైన పరికరాలకి 3 శాతానికి మించి పోకూడదు, అంటే 12 వోల్టుల్లో 0.36. అంచు మీద ఉండటం ఎందుకు, నేనైతే 4 వేస్తాను.

ఫ్యూజు ఉన్నది వైరుని కాపాడటానికి, పంపుని కాదు. అందుకే అది బ్యాటరీ పక్కనే ఉండాలి, జానెడు దూరం దాటనివ్వకు. స్టార్టర్ కేబుల్ ఒక్కదానికే మినహాయింపు. బిల్జ్‌లో నీళ్లు పెరగగానే పంపుని నడిపించే ఫ్లోట్ స్విచ్‌కి మాత్రం మెయిన్ స్విచ్‌తో సంబంధం లేకుండా, సొంత ఫ్యూజుతో నేరుగా బ్యాటరీ నుంచి లైను ఇవ్వు. నువ్వు మెయిన్ ఆపేసి ఇంటికెళ్లాకే కదా బోటులోకి నీళ్లొచ్చేది!

వైరు కొసలకి పెట్టే లగ్గులు క్రింపింగ్ చెయ్యి, అంటే పనిముట్టుతో నొక్కి బిగించు, సోల్డర్‌ని నమ్ముకోకు. సోల్డర్ పాకినంత మేరా వైరు బిగుసుకుపోయి, దాని అంచున తెగుతుంది. క్రింప్ చేశాక గట్టిగా లాగు. ఊడితే ఇప్పుడే ఊడినందుకు సంతోషించు. జిగురున్న హీట్ ష్రింక్ ట్యూబు తొడిగి, రెండు కొసల్లోనూ జిగురు బయటికి ఉబికేదాకా వేడి చెయ్యి. పెట్రోల్ ఇంజిన్ అయితే ఇంజిన్ గదిలో నిప్పురవ్వ బయటికి రాని పరికరాలే పెట్టాలి. స్టార్ట్ చేసే ముందు ఆ గది గాలిని బయటికి తోసే బ్లోయర్ 4 నిమిషాలు తిరగాలి.

ఇక బాండింగ్, అంటే బోటులో లోహపు భాగాలన్నిటినీ ఒక వైరుతో కలపడం. దీన్ని దండగ అనుకునేవాణ్ని నేనూ. ఒకసారి నా బోటులో పంపు వైరు అతుకు బిల్జ్ నీళ్లలో మునిగి ఉంది. పాజిటివ్ ఆ నీళ్లలోకి కారి, బోటు అడుగున బిగించిన, దేనికీ బాండ్ చెయ్యని ఇత్తడి వాల్వులోంచి సముద్రంలోకి దిగి, ప్రొపెల్లర్ మీదుగా నెగటివ్‌కి చేరుతోంది. లోహంలోంచి కరెంటు నీళ్లలోకి దిగే చోటే లోహం కరుగుతుంది. బోటు ఒడ్డున పెట్టి ఆ వాల్వుని చాకుతో గీకితే పసుపు రంగు లేదు, గులాబీ రంగు. రెంచీ పెట్టగానే పెంకులా విరిగింది. నీళ్లలో ఉండగా విరిగి ఉంటే! ఆకుపచ్చ బాండింగ్ వైరు ఉండి ఉంటే ఆ కరెంటు దాంట్లోంచే వెనక్కి పోయేది.

కాబట్టి వాల్వులు, చుక్కాని, ఇంధనం ట్యాంకు, ఇంజిన్, మిగతా లోహాల బదులు తాను అరిగిపోయే జింక్ ముక్క, అన్నిటినీ 10 చదరపు మిల్లీమీటర్ల ఆకుపచ్చ వైరుతో కలుపు. లైట్ల నెగటివ్‌లు దీనికి తగిలించకు, అది మామూలు కరెంటు మోసే వైరు కాదు. బ్యాటరీ నెగటివ్‌తో అది కలిసేది ఒక్కచోటే, ఇంజిన్ దగ్గర. ప్రొపెల్లర్‌ని తిప్పే షాఫ్ట్‌ని మర్చిపోకు. గేర్‌బాక్స్‌లో నూనె పొర, కప్లింగ్‌లో రబ్బరు అడ్డుపడతాయి, షాఫ్ట్‌కి ఒరుసుకుంటూ కరెంటుకి దారిచ్చే బ్రష్ పెట్టాలి. అంతా అయ్యాక మీటరు వైర్లు రెండూ ఆనించి వచ్చిన అంకె తీసేసి, ఒక్కో భాగం నుంచి జింక్‌దాకా కొలువు. 1 ఓమ్ లోపు రావాలి. జింక్ మీద రంగు వెయ్యకు, సగం అరిగితే మార్చు. చెక్క బోటుకైతే జింక్ మరీ ఎక్కువ పెట్టకు, వాల్వుల చుట్టూ క్షారం ఊరి చెక్క మెత్తబడుతుంది.

నీళ్లలోకి దింపే ముందు, పెట్రోల్ వాసన లేదని చూసుకుని, స్విచ్చులన్నీ ఆపు. పాజిటివ్ కేబుళ్లన్నీ ఊడదీసి, వాటికీ బ్యాటరీకీ మధ్య చిన్న 12 వోల్టుల బల్బు పెట్టు. వెలిగితే కరెంటు ఎక్కడో కారుతోందన్నమాట. వెలగకపోతే అక్కడే మీటరుని మిల్లీ ఆంపియర్లలో పెట్టి చూడు. ఏదైనా చూపిస్తే ఫ్యూజులు ఒక్కొక్కటే తీసుకుంటూ పో, ఏది తీస్తే సున్నా అయిందో ఆ లైను పట్టుకో. నీ కాగితం మీద బొమ్మ అప్పుడు కావాలి.

మామయ్య