వదినకు కీమో నడుస్తోంది, ఎవరితోనూ మాట్లాడట్లేదు. ధైర్యం ఎలా చెప్పాలి?

మీ వదిన గారికి రొమ్ము క్యాన్సర్, రెండో కీమో అయింది, గదిలోంచి బయటికి రావట్లేదు, అన్నయ్య నోరు విప్పట్లేదు, ఎనిమిదో తరగతి చదివే పాపకు "అమ్మకు జ్వరం" అని చెప్పారు, చుట్టాలు రోజూ వచ్చిపోతున్నారు అని రాశారు. నాకు ఇదే జబ్బు 2018లో వచ్చింది. మాది వరంగల్, వైద్యం హైదరాబాద్‌లో జరిగింది. మంచం మీద ఉన్న మనిషికి ఎలా ఉంటుందో నాకు తెలిసినంత చెబుతాను.

ముందు ఆ రాకపోకల సంగతి చూడండి. పరామర్శకు వచ్చేవాళ్ళు ప్రేమతోనే వస్తారు, కాదనను. కానీ వచ్చిన ప్రతివాళ్ళకీ కథంతా మొదటినుంచి చెప్పాలి. గడ్డ ఎప్పుడు తెలిసింది, ముందే ఎందుకు చూపించుకోలేదు, ఎన్నో స్టేజి. మా బంధువు ఒకావిడ నా పక్కనే కూర్చుని, ఇదే జబ్బుతో పోయినావిడ చివరి రోజులు ఎలా గడిచాయో పూసగుచ్చినట్టు చెప్పింది. ఆ రాత్రి కన్ను మూతపడలేదు. మర్నాడు మా ఆడపడుచు నా ఫోన్ తీసుకుంది. ఇక అన్ని కాల్స్ తనకే. ప్రతి కీమో తర్వాత ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టేది, అంతే. ఆ పని మీరు తీసుకోండి. ఎవరైనా నొచ్చుకుంటారేమోనన్న మొహమాటం అక్కర్లేదు, ఎందుకంటే అసలైన కారణమే ఉంది. కీమో ఎక్కించిన వారం తర్వాత, రెండో వారం దాకా, తెల్లరక్తకణాలు బాగా తగ్గుతాయి. "కౌంట్ తక్కువుంది, డాక్టర్ ఎవరినీ రానివ్వొద్దన్నారు" అంటే అందరికీ అర్థమవుతుంది. ఆ రోజుల్లో జ్వరం 100.4 దాటితే తెల్లారేదాకా ఆగొద్దు, అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఇక ధైర్యం సంగతి. "నీకేం కాదు, ధైర్యంగా ఉండు" అని అందరూ అంటారు. ఆ మాట విన్నాక మనం భయపడుతున్నామని చెప్పుకునే వీలుండదు, నోరు మూసుకుని పడుకుంటాం. మా ఆడపడుచు ఒకరోజు బట్టలు మడతపెడుతూ, నా మొహంలోకి చూడకుండానే, "భయంగా ఉందా వదినా?" అంది. అన్నాళ్ళూ బిగబట్టుకున్నదంతా బయటికొచ్చింది. నాకేమన్నా అయితే పిల్లకు జడెవరు వేస్తారు అని ఏడ్చాను. అలా అనకు, అపశకునం అని తను నోరు నొక్కలేదు. "నువ్వెలా వేస్తావో నాకు చూపించు, చేతుల్లో బలం లేని రోజు నేను వేస్తా" అంది. ఆ రోజు కాస్త తిన్నాను. మీరూ అలాగే పక్కన ఏదో పని చేసుకుంటూ కూర్చోండి. ఒక్కోరోజు ఏమీ మాట్లాడరు. ఫర్వాలేదు.

ఆవిడ గది దాటి రాకపోవడానికి జుట్టు కూడా కారణం అయ్యుండొచ్చు. చాలా కీమో మందులకు మొదటి డోసు తర్వాత రెండు మూడు వారాల్లో జుట్టు ఊడటం మొదలవుతుంది. పొద్దున్నే లేస్తే దిండు మీద కుచ్చులు కుచ్చులుగా ఉంటుంది. మన ఇళ్ళలో ఆడవాళ్ళకు గుండంటే తిరుపతి మొక్కన్నా అయ్యుండాలి, లేదంటే పెద్దవాళ్ళకు పాతకాలపు వితంతువులు గుర్తొస్తారు. మా అత్తగారు నన్ను చూసి, పుణ్యస్త్రీకి ఈ గుండేమిటని వంటింట్లో కూర్చుని ఏడ్చారు. వీధిలో అడిగినవాళ్ళకు మాత్రం నేను తిరుపతి వెళ్ళొచ్చామనే చెప్పాను. అందరికీ జబ్బు సంగతి వివరించాల్సిన పనేం లేదు కదా. తీయించుకోవాలో వద్దో ఆవిడే నిర్ణయించుకోవాలి. తీయిస్తే బ్లేడుతో వద్దు, గాటు పడితే ఇన్ఫెక్షన్ భయం. ఇంట్లోనే ట్రిమ్మర్‌తో తీయండి, మెత్తటి కాటన్ స్కార్ఫ్ కట్టండి. కీమో అయిపోయిన కొన్ని నెలలకు మళ్ళీ వస్తుంది.

ఇంకో మాట గట్టిగా చెప్పాలనిపిస్తోంది. మా వీధిలో శ్రావణమాసం పేరంటాలకు ఆ ఏడాది నన్ను పిలవలేదు. కీమో మంట కన్నా అది ఎక్కువ మండింది. మీ ఇంట్లో ఏ నోము జరిగినా మొదటి తాంబూలం వదిన గారికే ఇవ్వండి. రాలేకపోతే గదిలోకే తీసుకెళ్ళి బొట్టు పెట్టి ఇవ్వండి. ఇది అంటుకునే జబ్బు కాదు. కంచం, గ్లాసు వేరుగా పెట్టడం ఎవరన్నా మొదలుపెడితే అక్కడే ఆపించండి.

పాపకు నిజం చెప్పండి. ఆ వయసు పిల్లలు ఫోన్‌లో ఎలాగూ వెతుక్కుంటారు, అక్కడ అన్నిటికన్నా భయంకరమైనదే ముందు కనిపిస్తుంది. జబ్బు పేరు చెప్పి, నీ వల్ల రాలేదు, అంటుకోదు, అమ్మ పక్కన పడుకోవచ్చు అని చెబితే సగం బరువు దిగుతుంది.

తిండి విషయంలో బలవంతం వద్దు. నాకు పోపు వాసన వస్తే చాలు, కడుపులో తిప్పేది. వంటింటి తలుపు వేసి వండి, చల్లారాక పెరుగన్నమో, రాగి జావో కొద్దికొద్దిగా ఇవ్వండి.

అన్నయ్యను మర్చిపోకండి. మాటల్లో చెప్పలేని మగవాళ్ళకు చేతికి పని ఇస్తే తేలిక. ఆపరేషన్ తర్వాత గాయంలోని నీరు గొట్టం ద్వారా చేరే సీసాలో (డ్రెయిన్) రోజూ ఎంత చేరిందో మావారే కొలిచి నోట్‌బుక్‌లో రాసేవారు. మేం ఆ రోజుల్లో ఎక్కువగా మాట్లాడుకున్నది ఆ లెక్క గురించే. డబ్బు టెన్షన్ ఆయన్ని తినేస్తుంటే ముందు ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ కౌంటర్‌కు వెళ్ళమనండి. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి దాని పరిమితి 10 లక్షలు. రైల్లో వెళ్తుంటే ఆసుపత్రి సర్టిఫికెట్ మీద క్యాన్సర్ రోగికి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో చార్జీ ఉండదు, తోడు వెళ్ళేవాళ్ళకు 75 శాతం తగ్గింపు. ఒక కీమోకు ఆయన బదులు మీరు వెళ్ళండి, ఆ రోజు ఆయన్ని నిద్రపోనివ్వండి. ఇంట్లోవాళ్ళతో చెప్పుకోలేనివి ఉంటే 14416కు ఫోన్ చేయొచ్చు. అది టెలీ మానస్, మనసు బాధలు చెప్పుకునే ప్రభుత్వ హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. వదిన గారు కూడా చేయొచ్చు.

చివరగా, వైద్యం అయిపోగానే "హమ్మయ్య" అని అందరూ ఎవరి పనుల్లో వాళ్ళు పడిపోతారు. నాకు అన్నిటికన్నా ఒంటరిగా అనిపించింది అప్పుడే. ప్రతి చెకప్‌కు ముందు వారం రోజులు ప్రాణం కొట్టుకునేది. చంక గ్రంథులు తీసేస్తే ఆ చేత్తో నీళ్ళ బకెట్ మోయడం, ఆ చేతికి బీపీ చూడటం, సూది వేయడం వీలైనంత వరకు వద్దంటారు. పైకి మామూలుగా కనిపిస్తారు కాబట్టి ఇంట్లోవాళ్ళు అవన్నీ మర్చిపోతారు. ఇప్పుడు రోజూ వెళ్ళే ఓపిక లేకపోతే వారానికి ఒక రోజే వెళ్ళండి, కానీ ఏడాది తర్వాత కూడా వెళ్ళండి.

వైద్యం ఏ ఊళ్ళోనో మీరు రాయలేదు. హైదరాబాద్ అయితే చెప్పండి, బస గురించి, కీమో రోజు వెంట ఏమేం తీసుకెళ్ళాలో వివరంగా రాస్తాను.