డ్రాయింగ్ అయ్యవారి ఉద్యోగంలో సొంత గీత మిగులుతుందా?

"బొమ్మలు వేసేవాళ్లు స్కూల్లో డ్రాయింగ్ టీచరుగా చేరితే సొంత శైలి పోతుందా, మీకు ప్రేరణ ఎవరు?" అని అడిగారు. తిరుపతిలో పంతొమ్మిదేళ్లుగా నాది ఆ ఉద్యోగమే. శైలి అనదగ్గది నాకేమైనా ఉంటే అది చేరిన తర్వాత వచ్చిందే.

అంతకుముందు నావన్నీ క్యాలెండర్ బొమ్మలు. నున్నటి బుగ్గలు, వెలుగునీడలు. మొదటి వేసవి సెలవుల్లో కలంకారీ నేర్చుకుందామని రోజూ బస్సులో శ్రీకాళహస్తికి ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. కరక్కాయ పొడి కలిపిన పాలలో గుడ్డ తడిపి ఆరబెడతారు. పాలు లేకపోతే రంగు పాకిపోతుంది. చింతబరికెల బొగ్గుతో గుర్తులు పెట్టుకుని, వెదురు కలంతో కసిమి గీత వేస్తారు. ఇనుప ముక్కలూ బెల్లమూ నీళ్లలో రోజుల తరబడి పులియబెడితే వచ్చేదే కసిమి. కరక్కాయ పట్టిన గుడ్డకు తగిలిందంటే నల్లబడుతుంది, ఇక చెరిపేది లేదు. నేను నాలుగు గుడ్డలు పాడుచేశాను. పెద్దాయన తిట్టలేదు. "తప్పిన గీతను తీగ చేసుకో నాయనా" అన్నాడు.

జూన్‌లో బడి తెరవగానే ఆరో తరగతి పిల్లల రబ్బర్లన్నీ నా బల్ల మీద పెట్టించాను. వారం పాటు ఏడుపులే! ఒకమ్మాయి వేసిన ఏనుగు తొండం పొడుగైపోయి పేజీ అంచుకు వచ్చేసింది. కాసేపు చూసి, దాన్నే కొండ మెట్లదారి చేసేసింది. ఇవాళ నా బొమ్మల్లో మీరు చూసే మలుపులు చాలావరకు ఆ నోటుపుస్తకాల్లోంచి ఎత్తుకొచ్చినవే.

ప్రేరణ అంటే శ్రీకాళహస్తి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టి గారు. 2008లో పద్మశ్రీ అందుకున్న ఆయన కూడా ఒకప్పుడు బడిపంతులే. నాకు ధైర్యం ఇచ్చింది ఆ సంగతే.

కష్టాలు లేవని కాదు. పరీక్షలు దగ్గరపడితే డ్రాయింగ్ పీరియడ్ లెక్కల సారుకి వెళ్లిపోతుంది. ఆగస్టు 15 వచ్చిందంటే తోరణాలు, బోర్డులు అన్నీ మన నెత్తినే. సాయంత్రం ఇంటికొచ్చాక కుంచె పట్టే ఓపిక ఉండదు, అందుకే తెల్లవారుజామున నాలుగింటికి లేస్తాను. ఇది అందరికీ పడదు, మా ఆవిడకైతే అస్సలు పడదు.

చేరే ముందు తిరుపతిలో టీటీడీ నడిపే శిల్ప కళాశాలకు ఒకసారి వెళ్లి రండి. అక్కడ కలంకారీ కూడా నేర్పుతారు. పిల్లలు మొదటి గీత వేసేటప్పుడు వాళ్ల చేతుల్ని చూడండి.