ఎండాకాలం పూల సెంటు: మీ ప్రశ్నలకు సమాధానాలు

వసంతానికి, వేసవికి సరిపడే తేలికపాటి పూల సెంటు ఎలా ఎంచుకోవాలని చాలామంది పాఠకులు రాశారు. వాటిలో ఎక్కువ ఉత్తరాలు మొదటి ప్రశ్న చుట్టూనే తిరిగాయి కాబట్టి దానికే ఎక్కువ చోటిచ్చాం.

దుకాణంలో కాగితం ముక్క మీద కొట్టి చూపిస్తే ఎంతో బాగుంది. కొని తెచ్చుకుని వాడితే గంటకల్లా వాసన మారిపోతోంది. నకిలీ సరుకా?

అంతమాత్రాన నకిలీ అనుకోనక్కర్లేదు. మీరు అక్కడ చూసింది ఆ సెంటు మొదటి పది నిమిషాలు మాత్రమే. సెంటులోని పదార్థాలన్నీ ఒకే వేగంతో ఆవిరి కావు. నిమ్మ, నారింజ జాతి వాసనలు అన్నిటికంటే ముందు లేచి, పావుగంట ఇరవై నిమిషాల్లో వెళ్లిపోతాయి. ఆ తర్వాత పూల వాసన రెండు మూడు గంటలు నడుస్తుంది. చివరికి ఒంటి మీద మిగిలేవి కస్తూరిని తలపించే మస్క్‌, గంధం, దేవదారు వంటి బరువైన వాసనలు. తేలిక సెంట్లలో ఈ చివరి భాగాన్ని కావాలనే పల్చగా ఉంచుతారు. అందుకే వాటిలో మార్పు త్వరగా తెలిసిపోతుంది.

పైగా కాగితానికి వేడి లేదు, జిడ్డు లేదు, చెమట లేదు. దాని మీద సెంటు మెల్లగా ఆవిరవుతుంది. ఏసీ గదిలో కాగితం మీద సున్నితంగా అనిపించిన మల్లె, మిట్టమధ్యాహ్నం వెచ్చని ఒంటి మీద గుప్పుమంటుంది. నిమ్మ వాసన ఎక్కువున్నదైతే అదే ఎండలో నిలవకుండా పోతుంది. కాబట్టి కాగితాన్ని నచ్చనివాటిని తీసేయడానికి వాడండి, నచ్చినదాన్ని ఖాయం చేసుకోవడానికి కాదు.

పరీక్ష ఇలా చేయండి. ఆ రోజు వాసన లేని సబ్బుతో స్నానం చేసి, లోషన్ రాసుకోకుండా వెళ్లండి. కాగితాల మీద మూడు, మహా అయితే నాలుగు సెంట్లు చూడండి. ఒక్కోదాని మీద పేరు రాసుకోండి. కొట్టిన వెంటనే ముక్కు దగ్గర పెట్టుకుంటే తగిలేది ఆల్కహాలే. ఒక నిమిషం ఆరనిచ్చి, ముక్కుకు ఆనించకుండా చూడండి. వాటిలో బాగున్న రెండింటిని ఒంటి మీదికి తీసుకోండి, ఒక్కో మోచేతి లోపలి మడతలో ఒక్కోటి. మణికట్టు మీదైతే చేతులు కడుక్కున్నప్పుడల్లా పోతుంది. 10 నుంచి 15 సెంటీమీటర్ల దూరం నుంచి ఒక్క నొక్కు చాలు. రుద్దకండి. రుద్దితే చర్మం వేడెక్కి, మొదట రావాల్సిన సున్నితమైన వాసనలు ముందే ఎగిరిపోతాయి.

ఇక దుకాణం నుంచి బయటికి వచ్చేయండి. కాసేపు ఎండలో నడవండి. 5 నిమిషాలకు, అరగంటకు, 2 గంటలకు, 5 గంటలకు వాసన చూసి, ఏమనిపించిందో రెండు మాటలు రాసుకోండి. అరగంట నుంచి రెండు గంటల వరకు ఉన్న వాసన మీకు నచ్చితేనే ఆ సెంటు మీది. రోజులో ఎక్కువసేపు మీతో ఉండేది అదే. దొరికితే 2 మిల్లీలీటర్ల శాంపిల్ తీసుకోండి. సాధారణ సీసా ఒక్క నొక్కుకు సుమారు 0.1 మిల్లీలీటరు వదులుతుంది కాబట్టి అందులో ఇరవై నొక్కుల దాకా వస్తాయి. వేర్వేరు రోజుల్లో, ఉక్కపోత ఉన్నప్పుడూ లేనప్పుడూ చూసుకోవడానికి అది సరిపోతుంది.

మధ్యమధ్య కాఫీ గింజలు వాసన చూస్తే ముక్కు తేరుకుంటుందని చెబుతారు. కాఫీది కూడా ఘాటైన వాసనే. దానికంటే బయటి గాలి పీల్చడమో, సెంటు తగలని మీ చొక్కా చేతిని వాసన చూడటమో మేలు.

పొద్దున కొట్టుకున్న సెంటు పదింటికల్లా నాకు తెలియడం లేదు. పక్కవాళ్లు మాత్రం ఘాటుగా ఉందంటున్నారు.

పక్కవాళ్ల మాటే నిజం. ఎడతెగకుండా తగిలే వాసనను మన ముక్కు కాసేపటికి పట్టించుకోవడం మానేస్తుంది. మెడ మీద, ఛాతీ మీద కొట్టుకునేవారికి ఇది మరీ త్వరగా జరుగుతుంది. తెలియడం లేదని మళ్లీ కొట్టుకుంటే ఆ భారమంతా ఎదుటివారి మీద పడుతుంది. సెంటును మోచేతి మడతలకో మెడ వెనక్కో మార్చండి. పది నిమిషాలు బయట తిరిగొచ్చి మళ్లీ చూడండి. ఇంకో సంగతి, కొన్ని రకాల మస్క్ వాసనలు కొందరి ముక్కుకు పుట్టుకతోనే అందవు. సెంటు మార్చినా ఇదే జరుగుతుంటే, మీకు నమ్మకమున్న మరొకరి ముక్కును అడగడమే దారి.

వేసవికి ఓ డి టాయిలెట్ మంచిదా, ఓ డి పర్ఫ్యూమ్ మంచిదా? ఎన్ని నొక్కులు కొట్టుకోవాలి?

ఈ పేర్లు సీసాలో సువాసన ద్రవ్యం ఎంతుందో సుమారుగా చెబుతాయి. ఓ డి కొలోన్‌లో 2 నుంచి 5 శాతం, ఓ డి టాయిలెట్‌లో 5 నుంచి 15, ఓ డి పర్ఫ్యూమ్‌లో 15 నుంచి 20 శాతం దాకా ఉంటుంది. అయితే శాతం ఎక్కువైనంత మాత్రాన ఎక్కువసేపు నిలవదు. నిమ్మజాతి వాసనలతో నింపిన ఓ డి పర్ఫ్యూమ్ కంటే చివర్లో మస్క్ మిగిలే ఓ డి టాయిలెట్ ఎక్కువసేపు ఉండొచ్చు. చాలా బ్రాండ్లలో ఒకే పేరుతో వచ్చే ఈ రెండు రకాలకూ వాసనలోనే తేడా ఉంటుంది, దేనికది విడిగా చూడాలి.

వేసవి పగటికి మా ఓటు ఓ డి టాయిలెట్‌కే. రెండు మూడు నొక్కులతో మొదలుపెట్టి, మధ్యాహ్నం చెమట తుడుచుకుని మరొక్కటి. చర్మం పొడిబారినవారికి సెంటు త్వరగా పోతుంది. ముందుగా వాసన లేని మాయిశ్చరైజరో, పల్చగా పెట్రోలియం జెల్లీయో రాసి, దాని మీద కొట్టుకుంటే తేడా కనిపిస్తుంది. చెమట మీద చెమట వాసన కప్పడానికి కొట్టుకుంటే రెండూ కలిసి పాడవుతాయి.

మల్లె సెంటు అంటే ఇష్టం, కానీ ఎండలో తలనొప్పి వస్తోంది. బదులుగా ఏవి చూడాలి?

మల్లె, సన్నజాజి, నేలసంపెంగ వంటి తెల్లపూలలో ఇండోల్ అనే పదార్థం సహజంగానే ఉంటుంది. పువ్వు వాసనకు ఆ మత్తు, నిండుదనం చాలావరకు దానివల్లే. వేడిలో అది బరువుగా, ఊపిరాడనట్టు తోస్తుంది. మల్లెను వదులుకోకుండానే తేలికగా ఉన్నవి వెతకవచ్చు. హెడియోన్ అనే పదార్థం గాలి ఆడుతున్న మల్లెలా, కొంచెం నిమ్మ ఛాయతో ఉంటుంది. 1966లో ఫ్రెంచి కంపెనీ డియోర్ తెచ్చిన ‘ఓ సొవాజ్’ సెంటు‌తో దానికి పేరొచ్చింది. ఇప్పుడు తేలిక పూల సెంట్లలో విరివిగా వాడతారు. నారింజ పూల నెరోలి, లేత గులాబీ, పియోనీ, ఫ్రీసియా, లిల్లీ ఆఫ్ ద వ్యాలీ పేర్లున్నవీ చూడండి. వీటిలో పియోనీ, ఫ్రీసియా, లిల్లీ ఆఫ్ ద వ్యాలీ పూల నుంచి సెంట్లకు పనికొచ్చే నూనె దిగదు, ఆ వాసనలు ప్రయోగశాలలో కూర్చినవే. అదేం లోపం కాదు, అదొక గొప్ప పనితనం. లిల్లీ ఆఫ్ ద వ్యాలీ వాసన కోసం వాడుతూ వచ్చిన పదార్థం లిలియల్‌ను యూరోపియన్ యూనియన్ 2022 మార్చి నుంచి నిషేధించింది కాబట్టి, పాత సీసాకూ కొత్త సీసాకూ వాసనలో తేడా ఉంటే ఆశ్చర్యపోకండి.

వీటితోనూ తలనొప్పి వస్తుంటే ఒంటికి మానేసి, చేతిరుమాలుకు ఒక్క నొక్కు కొట్టి చూడండి. అప్పుడూ వస్తే సెంటు జోలికి పోవద్దు.

సెంటు కొట్టుకుని ఎండలోకి వెళ్తే మచ్చలు పడతాయా? తెల్లబట్టల మీద కొట్టుకోవచ్చా?

బెర్గమోట్ అనే నిమ్మజాతి పండు తొక్క పిండి తీసిన నూనెలో బెర్గాప్టెన్ అనే పదార్థం ఉంటుంది. అది చర్మం మీదుండగా ఎండ తగిలితే కాలినట్టు ఎర్రబడి, తర్వాత గోధుమరంగు మచ్చలు మిగలొచ్చు. ఇప్పటి సెంట్లలో దాన్ని తీసేసిన నూనె వాడటమో, పరిమితిలో వాడటమో చేస్తారు. ఇంట్లో నూనెలు కలిపి సొంతంగా చేసుకునేవారే జాగ్రత్త పడాలి. అలాంటివి ఎండ తగలని చోటే వాడండి. దురద, దద్దుర్లు మరో సంగతి. కొత్త సెంటును ముంజేతి లోపల కొద్దిగా రాసి 48 గంటలు చూడండి. అలర్జీ ఒక్కోసారి రెండో రోజుకు గానీ బయటపడదు. షేవింగ్ చేసిన వెంటనే, గీరుకున్న చోట వద్దు.

బట్టల మీద వాసన ఎక్కువసేపు నిలుస్తుంది. కానీ రంగున్న సెంటు తెల్లబట్టకూ పట్టుకూ మరక చేస్తుంది. 20 సెంటీమీటర్ల దూరం నుంచి, లోపలి అంచు మీద ఒకసారి కొట్టి ఆరనిచ్చి చూసుకోండి.

పోయిన వేసవిలో కొన్న సీసా సగం మిగిలింది. వాడొచ్చా?

కాగితం మీద కొట్టి చూడండి. మొదట్లో ఉండే నిమ్మ తాజాదనం పోయి పుల్లగా, వార్నిష్‌లా తగిలితే పాడైనట్టే. రంగు కాస్త ముదిరినంత మాత్రాన పారేయనక్కర్లేదు. వాసన బాగుంటే వాడుకోవచ్చు. పాడైనదాన్ని మాత్రం ఒంటికి రాసుకోకండి. సెంట్లలో ఉండే లిమొనీన్, లినలూల్ అనే పదార్థాలు గాలి తగిలి మారితే అలర్జీ తేవచ్చు. ఇకపై సీసాను స్నానాలగదిలో, కారులో, కిటికీ గట్టు మీద కాకుండా దాని పెట్టెలోనే ఉంచి బీరువాలో పెట్టండి. తేలిక సెంట్లు వేడికి ముందుగా పాడవుతాయి. ఏడాదిలో వాడేయగలిగే 30 మిల్లీలీటర్ల సీసా కొనుక్కోవడం నయం.